నూట ఆరు దగ్గర

నూట ఐదు దాకా బుద్ధిమంతురాలే.
ముల్లు నూట ఆరుని తాకగానే మొదలు:
ముందు సీటు కింద, తర్వాత నా నడుములో,
తర్వాత డిక్కీలో పేర్చిన గుడ్ల అట్టల్లో
ఎవరో పళ్ళు పటపట కొరుకుతున్నట్టు.
నూట పద్దెనిమిదికి మళ్ళీ ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది.

మరియెంటాల్ నుంచి విండ్‌హుక్‌కి
రెండొందల అరవై కిలోమీటర్లు.
వారానికి రెండుసార్లు, నలభై ఎనిమిది అట్టలు.
పగిలినవి నోటుపుస్తకంలో ఎడం పేజీలో రాస్తాను.
ఈ నెల ఎడం పేజీ చాల్లేదు.

జపాన్‌లో ఎవరో పదకొండేళ్ళు నడిపిన బండి.
వాల్విస్ బే రేవులో ఓడ దిగి నా చేతికొచ్చింది.
తాళం తిప్పితే ఇప్పటికీ ఒక అమ్మాయి గొంతు
నాకు తెలియని భాషలో మర్యాదగా ఏదో చెబుతుంది.
ఈ వణుకు సంగతే చెబుతోందేమో, ఎవరికి తెలుసు.

"టైర్లు" అన్నాడు అమ్మినవాడు. మార్చాను.
"బ్యాలెన్సింగ్" అన్నాడు టైర్ల షాపతను.
రిమ్ము లోపల గట్టిపడిన ఏటి బురద గీకి,
నాలుగు చక్రాలకీ సీసం ముక్కలు అంటించాడు.
"నీ డ్రైవింగే" అన్నాడు తమ్ముడు షికోంగో.
వాడికి ఆ పూట ఆమ్లెట్ లేదు.

చివరికి హెండ్రిక్ ఐసాక్స్.
షెడ్డుకి బోర్డు ఉండదు, గుమ్మంలో గాడిద ఉంటుంది.
ఆయన బానెట్ ఎత్తనే లేదు.
వెనక సీట్లో కూర్చుని, చెప్పులు విప్పి,
అరికాళ్ళు నేలకి ఆన్చి, కళ్ళు మూసుకుని
"పోనీ" అన్నాడు.

నూట పది.
"న్యూట్రల్ చెయ్."
ఇంజన్ హోరు తగ్గింది. వణుకు తగ్గలేదు.
"ఇంజన్ తప్పు కాదు. స్టీరింగ్ వణుకుతోందా?"
లేదన్నాను.
"ముందు చక్రాల మీద కేసు కొట్టేశాం.
ఇదిగో, నా మడమల్లోంచి మోకాళ్ళకి ఎక్కుతోంది."

బండి కింద వెల్లకిలా పడుకుని నన్నూ పిలిచాడు.
ప్రొపెల్లర్ షాఫ్ట్ నిండా ఎర్ర దుమ్ము, తుప్పు.
ఒక్కచోట మాత్రం
బొటనవేలంత చదరం, శుభ్రంగా,
గోడ మీంచి ఫోటో తీసేస్తే మిగిలే జాగాలా.
"ఇక్కడో రేకు ముక్క ఉండేది.
ఫ్యాక్టరీలో తూచి అతికిస్తారు. రాలిపోయింది."

నేను గుడ్లు ఏరుకొచ్చే కంకర దారులన్నీ తలుచుకున్నాను.
బరువుగా ఉండటం తప్ప
ఇంకే పనీ లేని ముక్క అది.
ఏ ముళ్ళపొద కిందో ఇప్పుడు ఆ పనీ లేకుండా పడుంది.

రాజధానిలో మిషను ఉంది, డబ్బులు నా దగ్గర లేవు.
ఐసాక్స్ దగ్గర పైపులకి బిగించే క్లిప్పులు రెండు,
ఒక సుద్దముక్క.
షాఫ్ట్ చుట్టూ గడియారంలా అంకెలు వేశాడు.
స్క్రూ తలలే బరువు.
బిగించు, హైవే ఎక్కు, వెనక్కి రా,
వదులు చెయ్, కొంచెం తిప్పు, మళ్ళీ బిగించు.
మూడోసారి అద్దంలో వెనక లారీ రెండు లారీలైంది.
ఆరోసారి గాడిద కూడా తలెత్తి చూడటం మానేసింది.
తలలు రెండూ ఒకచోట ఉంటే మోతాదు మించుతోందని
తొమ్మిదోసారి ఎడం చేశాడు:
ఒకటి నాలుగు మీద, ఒకటి ఆరుకి కాస్త ఇవతల.

నూట నాలుగు. నూట ఐదు.
ఊపిరి బిగబట్టాను.
నూట ఆరు, ఏడు, పది, పదిహేను.

ఏమీ లేదు.
కాదు, కొత్తవి వినబడ్డాయి.
వెనక తలుపులో బీడింగు ఈల,
బూడిద డబ్బాలో నాణెం,
ఐసాక్స్ గురక.

దిగేటప్పుడు అన్నాడు,
"నూట ముప్ఫై దగ్గర ఇంకోటి ఉందేమో."
ఆయన చేతిలో అట్ట పెట్టాను, ముప్ఫై గుడ్లు.
"ఉండనీ. అక్కడికి మనం వెళ్ళం."